మూడు రూపాయల బోణీ

ఒంటిగంట కొట్టింది. రెండింటికి బ్యాంకు కౌంటరు మూస్తారు. ఈ గంటలో ఎవరో ఒకరు రాకపోతారా అని గోడవారన బల్ల మీద కూర్చున్నాను. వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, పింఛను కోసం ఒక ముసలావిడ, తాకట్టు పెట్టిన గాజులు విడిపించుకోవడానికి మొగుడూ పెళ్ళాం, పాస్‌బుక్కు రాయించుకోవడానికి మా వీధి మాస్టారు, కానీ మూడో కిటికీ వైపు ఎవరూ వెళ్ళడం లేదు. ఆ కిటికీ వెనక వీరబ్రహ్మం కూర్చున్నాడు, అతని మోచేతి పక్కన గులాబీరంగు చలానాల కట్ట పొద్దుట ఎంత ఎత్తుందో ఇప్పుడూ అంతే ఎత్తుంది. సూర్యకళ కంపెనీ షేర్లకి రెండో సగం కట్టడానికి ఇవాళే ఆఖరు. షేరు పది రూపాయలు, కిందటేడు ఐదు కట్టాం, మిగతా ఐదూ ఇవాళ్టిలోగా కట్టాలి, కట్టకపోతే ముందు కట్టిందీ పోతుంది, షేరూ పోతుంది. పోతే పోనీ అనుకుంటున్నారు కాబోలు జనం. సగంమందైనా కడితే ల్యాబు నిలబడుతుంది బాబాయిగారూ, లేకపోతే నెలాఖరుకి తాళం వేసేస్తాను అని సూర్యకళ మొన్న మా అరుగు మీద కూర్చుని చెప్పింది, చెప్తూ నవ్వింది కూడా. ఆ నవ్వు చూడలేక మా ఆవిడ నాగరత్నం కాఫీ తెచ్చే మిషతో లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఇన్నాళ్ళలో కట్టినవాళ్ళెవరని వీరబ్రహ్మాన్ని అడిగితే ఆ అమ్మాయి నాన్నా, మేనమామా, ఇంకో ఇద్దరు ముగ్గురు అన్నాడు. మిగిలినవాళ్ళంతా ఆఖరి రోజున కడదామని ఆగారేమో, మనవాళ్ళకి అలవాటే కదా, పన్నైనా, బడిఫీజైనా ఆఖరి గంటలోనే కడతాం అని పొద్దుట నుంచీ నాకు నేనే చెప్పుకుంటున్నాను.

సూర్యకళ మా వీధి చివర మిల్లు గంగరాజు కూతురు. విశాఖపట్నంలో చదివింది, సముద్రం ఒడ్డున ఒక హేచరీలో రొయ్యపిల్లల్ని చూసే ఉద్యోగం చేసింది, తర్వాత రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు వచ్చింది. ఆ ఏడాది సంగతి తల్చుకుంటే ఇప్పటికీ ఆ వాసన ముక్కుకి తగులుతుంది, భీమవరం వెళ్ళే బస్సులో అందరూ తువ్వాళ్ళు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చునేవాళ్ళు, పొద్దుట బాగున్న చెరువు సాయంత్రానికి ఎర్రబారేది, గట్టు మీదికి కొట్టుకొచ్చిన రొయ్యల్ని కాకులు కూడా ముట్టేవి కావు. అప్పుడు ఆ పిల్ల ఉద్యోగం మానేసి వచ్చి, మూతబడ్డ వాళ్ళ మిల్లు షెడ్డులో సున్నం వేయించి, గాజుసీసాలూ ఒక పెద్ద ఫ్రీజరూ పెట్టుకుని పని మొదలుపెట్టింది. రొయ్యపిల్లని చెరువులో వదలకముందే దాని ఒంట్లో ఆ జబ్బు ఉందో లేదో చెప్పే ఒక కాగితపు ముక్క తయారుచేస్తానంది. పిల్లని నలిపి, ఆ రసం చుక్క వేస్తే గీత పడాలి, గీత పడితే ఆ పిల్లని కొనొద్దు. గట్టు మీద నిలబడ్డ రైతు తనే చూసుకోవాలి, ఏ పెద్ద మెషీనూ అక్కర్లేదు. వినడానికి ఎంత చిన్న సంగతి. ఒకసారి ఫ్రీజరు తలుపు తీసి చూపించింది, తెల్లటి పొగ మొహానికి కొట్టింది, లోపల వేలెడంత గొట్టాలు వరసగా ఉన్నాయి, ఇవి నాలుగేళ్ళ పని బాబాయిగారూ, ఏ చెరువులో ఎప్పుడు చచ్చిన రొయ్యవో అన్నీ ఇందులోనే ఉన్నాయి, ఇవి కరిగితే నేను మళ్ళీ మొదటికొస్తాను అంది. గర్భగుడి తలుపు మూసినట్టు మెల్లగా మూసింది. నాకు ఏమీ అర్థం కాలేదు కానీ నమస్కారం పెట్టబోయి చెయ్యి దించుకున్నాను.

అర్థం కాకపోయినా నమ్మాను నేను, మిగతావాళ్ళు ఎందుకు నమ్మలేదని ఇంతకాలంగా ఆలోచిస్తున్నాను. షేర్లు అమ్మే రోజుల్లో కల్యాణమండపంలో మీటింగు పెట్టారు. రైతులూ, కొబ్బరి వ్యాపారులూ, బట్టల కొట్లవాళ్ళూ అందరూ వచ్చారు, టిఫిను బాగుందన్నారు. సూర్యకళ మైకు ముందు నిలబడి చెప్పింది. వెనక నుంచి ఎవరో అడిగారు, సరుకు ఎప్పుడొస్తుందమ్మా అని. మూడేళ్ళు పట్టొచ్చండి, ఐదేళ్ళూ పట్టొచ్చు, అసలు రాకపోవడం కూడా ఉండొచ్చు అంది. పక్కన కూర్చున్న వాళ్ళ నాన్న తల దించుకున్నాడు. ఆ మాట ఎందుకన్నావమ్మా అని తర్వాత అడిగితే, నిజం కదండీ, అది షేర్ల గురించి పంచిన పుస్తకంలో కూడా అచ్చేశాం, చట్టప్రకారం చెప్పాలి అంది. అంతకు ముందు నెలలో అదే మండపంలో టేకుచెట్ల కంపెనీవాడు రంగు బొమ్మలు పంచి, నాలుగేళ్ళకి పదింతలు అని చెప్తే జనం కుర్చీలు లేక నిలబడి విన్నారు. ఆ కంపెనీ ఆఫీసుకి ఇప్పుడు బోర్డు కూడా లేదు. వాడి అబద్ధం ముంచింది వాళ్ళని, ఈ పిల్ల నిజం భయపెట్టింది. అయినా జనాన్ని అని ఏం లాభం, దేవుడి దగ్గర మాత్రం మనం ఏం చేస్తున్నాం, స్వామీ నా బిడ్డకి జ్వరం తగ్గితే నీకు నూటొక్క కొబ్బరికాయలు కొడతాను అంటాం. తగ్గితేనే. తగ్గకముందు కొట్టినవాణ్ణి నా నలభై ఏళ్ళ వ్యాపారంలో చూడలేదు, నా కొబ్బరి కొట్లో కాయలు కొన్నవాళ్ళంతా మొక్కు తీరినవాళ్ళే. జరిగాక ఇవ్వడం మనకి తెలుసు. జరగకముందు ఇవ్వడం, జరుగుతుందో లేదో తెలియకుండా ఇవ్వడం, అది మన భక్తిలోనే లేనప్పుడు బ్యాంకు కిటికీ దగ్గర ఎక్కణ్ణుంచి వస్తుంది?

కానీ కొబ్బరి వ్యాపారులం మేమూ ఆగుతాం కదా. కురిడీ కాయలు అటకెక్కించి ఏడాది ఆగుతాం. కింద పొగ పెడుతూ, ఎలకల్ని తోలుతూ, పైన కాయలో నీళ్ళు తమంతట తామే ఇంకిపోయే దాకా ఆగుతాం, పగలగొట్టి చూడ్డానికి లేదు, చూస్తే ఆ కాయ పోయినట్టే. చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాం. నీళ్ళు చప్పుడైతే ఇంకా కాలేదు, గుండు కదిలి టకటకమంటే అయింది, ఏ చప్పుడూ లేకపోతే లోపల కుళ్ళింది. మా నాన్న నాకు నేర్పిన విద్య అదొక్కటే, కొబ్బరికాయని చెవితో కొనాలిరా అనేవాడు. ఆ పిల్ల షెడ్డుని ఏ చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి? ఏ చప్పుడుకి ఏం అర్థం? అదే తెలియలేదు ఎవరికీ. పైగా కురిడీని ఎప్పుడు అమ్ముకోవాలన్నా కొనేవాడుంటాడు, కూతురి పురుడొచ్చిందనో, గోడ కూలిందనో నడిమధ్యలో దింపేసినా పచ్చికొబ్బరి రేటైనా వస్తుంది. ఈ షేరు కాగితం అమ్ముదామంటే కొనేవాడెక్కడ? పెద్ద కంపెనీల కాగితాలైతే హైదరాబాదులో నిమిషానికో బేరమట. చిన్నదాని మొహం ఎవడు చూస్తాడు, కమీషను కూడా గిట్టదండి అని రాజమండ్రిలో షేర్లు అమ్మిపెట్టే కుర్రాడే నాతో అన్నాడు.

ఆ రాజమండ్రి కుర్రాడు, ఉదయ్‌భాస్కర్. అతని మేడ మీది ఆఫీసు గుర్తొస్తే ఇప్పటికీ నా చేతులు చూసుకుంటాను. ఈ చేతులు. నా చెయ్యి మంచిదంటారు ఊళ్ళో. కొత్త కొట్టు తెరిస్తే బోణీ నా చేతే చేయిస్తారు, నారుమడిలో మొదటి గుప్పెడు నన్ను చల్లమన్న రైతులున్నారు, చంటిపిల్లకి మొదటి గాజు తొడిగించుకున్న తల్లులున్నారు. నేనెప్పుడూ అది నా గొప్ప అనుకోలేదు, క్షీరారామలింగేశ్వరుడు ఈ చేతిని కొన్నాళ్ళు వాడుకుంటున్నాడు అనుకునేవాణ్ణి. కిందటి వేసవిలో సూర్యకళ షేరు హైదరాబాదు మార్కెట్లో మొదటిసారి అమ్మకానికి వచ్చే రోజు దగ్గరపడితే నాగరత్నం అంది, ఏవండీ, ఊళ్ళోవాళ్ళందరికీ చేస్తారు, మన పిల్లకి చెయ్యరేంటండీ బోణీ అని. నిజమే అనిపించింది. కొట్టు తెరుస్తున్నారు, మొదటి సరుకు మంచి చేతి మీదుగా వెళ్ళాలి. ఆ పిల్లకి చెప్పలేదు, చెప్తే సైన్సు చదివిన పిల్ల నవ్వుతుందేమోనని. స్నానం చేసి, గుడికి వెళ్ళి, మొదటి బస్సుకి రాజమండ్రి వెళ్ళాను, నా షేర్లలో ఒక వంద పసుపుబొట్టు పెట్టి మరీ పట్టుకెళ్ళాను. బస్సెక్కేటప్పుడు నాగరత్నం కిటికీ దగ్గరికొచ్చి, బోణీ బేరం ఆడకూడదండోయ్, గుర్తుంది కదా అని హెచ్చరించింది. నాకు చెప్పాలా. పొద్దున్నే వచ్చిన మొదటి మనిషిని వెనక్కి పంపకూడదు, ఎంతకడిగితే అంతకివ్వాలి, నష్టమైనా ఇవ్వాలి, ఆ నష్టం రోజంతా లాభమై తిరిగొస్తుంది, నలభై ఏళ్ళుగా నా కొట్లో అదే పద్ధతి. ఉదయ్‌భాస్కర్ రెండు ఫోన్ల మధ్య కూర్చుని అడిగాడు, ఏ రేటుకి పెట్టమంటారండి అని. బోణీకి రేటేంటి నాయనా, ఎవరెంతకడిగితే అంతకిచ్చెయ్ అన్నాను. ఫోన్లో హైదరాబాదుతో మాట్లాడి, చెయ్యి అడ్డం పెట్టి, కొనేవాళ్ళు లేరండి, మూడుకి ఒక్కడున్నాడు, మీరు ఐదు కట్టారు, ఆగితే బావుంటుందేమో ఆలోచించుకోండి అన్నాడు. మంచి కుర్రాడే. నేను మాత్రం కళ్ళు మూసుకుని స్వామిని తల్చుకుని, ఇచ్చెయ్ అన్నాను. తిరుగు బస్సులో గోదావరి బ్రిడ్జి మీద చిల్లర నాణెం నీళ్ళలోకి వేసి దణ్ణం పెట్టుకున్నాను, ఎంత తేలిగ్గా ఉంది మనసు ఆవేళ.

మర్నాడు పేపర్లో, చీమల్లాంటి అక్షరాల్లో, కంపెనీ పేరు ఎదురుగా మూడు అని పడింది. ఆ ఒక్క బేరమే జరిగిందట ఆ రోజంతా. నేను బోణీ చేశాక కొట్టుకి ఇంకెవరూ రాలేదు. ఆ మర్నాడూ మూడే. వారం తర్వాతా మూడే. మళ్ళీ ఎవరూ కొనలేదు, ఎవరూ అమ్మలేదు కనక ఆఖరి బేరం ఎంతకి జరిగిందో అదే వేస్తారట, అలా రోజూ వేస్తూనే ఉన్నారు, నా చేతి మూడు. మా మాస్టారు భూతద్దం పెట్టుకుని చూసి, ఐదు పెట్టి కొన్నది మూడైపోయిందే అన్నాడు. బట్టల కొట్టు దగ్గర, కాలవ వంతెన దగ్గర, గుడి మెట్ల దగ్గర అదే మాట. ఆ తర్వాత ఎలా తెలిసిందో, అమ్మింది అప్పాజీ గారట అని నా పేరు బయటపడింది. అదిగో, అప్పుడు చూడాలి. ఆయనకేదో తెలిసుంటుంది, ఆ మిల్లు పక్కనే ఉంటాడు కదా, ఊరికే అమ్ముకుంటాడా అంత నష్టానికి అని. బోణీ కోసం అని చెప్పాను కొందరికి. అవునవును అన్నారు, నమ్మినట్టు తలూపారు, బోణీ అంటే ఏంటో నాకంటే బాగా తెలిసిన కొట్లవాళ్ళే, కానీ మూడు అనే అంకె కళ్ళముందుండగా మాట చెవికి ఎక్కుతుందా. సూర్యకళ ఒక్కతే ఆ మాట అనలేదు. వినాయకచవితికి ఉండ్రాళ్ళు తీసుకుని వచ్చినప్పుడు, పేపరు మడిచి పక్కన పెడుతూ, ఆ మూడు రూపాయలకి అమ్ముకున్నవాళ్ళెవరో పాపం బాబాయిగారూ, ఎంత అవసరం వచ్చిందో ఏంటో అంది. తెలిసి అందో తెలియక అందో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఏంటండీ అప్పాజీ గారూ, బ్యాంకువాళ్ళు మిమ్మల్నేవైనా వాచ్‌మేన్‌గా పెట్టుకున్నారా?"

బుల్లిరాజు గారు. రొయ్యల చెరువులున్నాయి, కాలవ అవతల కొబ్బరితోట ఉండేది, దీపావళి ముందు తుఫానుకి తోటంతా నేలకొరిగింది. ఈయనకి వెయ్యి షేర్లున్నాయి. బల్ల మీద జరిగి చోటిచ్చాను.

"రండి రాజుగారూ. మూడో కిటికీ ఖాళీగానే ఉంది."

"మూడో కిటికీతో నాకేం పనండి? కొబ్బరిమొక్కలకి డబ్బు తియ్యడానికి వచ్చాను. నర్సరీవాడు నిలబెట్టి వసూలు చేస్తన్నాడు." పక్కన కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. నా చూపు చూసి నవ్వారు. "మీరు మరీనండి. ముందు మీరేమో అమ్మేసుకుని, ఇప్పుడు మమ్మల్ని కట్టమంటారా?"

"అది బోణీ అండి రాజుగారూ."

"తెలుసులెండి. మీ చెయ్యి మంచిదే. మార్కెట్టువాడికే ఆ సంగతి తెలీదు."

ఈయన చెరువు మీదే ఆ పిల్ల కాగితం మొదట పరీక్ష చేసింది. గీత పడితే, సూర్యకళ వద్దన్నందుకు ఆ రొయ్యపిల్లల లారీని వెనక్కి పంపించేశారు, వేరే చోట పిల్లని తెచ్చి వేశారు, పంట బాగా వచ్చింది. అది గుర్తుచేశాను.

"వచ్చిందండీ, కాదన్ను. కానీ ఆ వెనక్కి పంపిన పిల్ల కూడా బతికేదేమో, ఎవరికి తెలుసు? అవతల మా బావమరిదికి గీత పడలేదు, బాగుందంది, చచ్చిపోయాయి. అడిగితే నీళ్ళలోంచి వచ్చుండొచ్చు, పీతలు మోసుకొచ్చుండొచ్చు అంది. మంచి పిల్లండి. అబద్ధం ఆడదు. అబద్ధం ఆడనోళ్ళ యాపారంలో డబ్బు పెట్టడం కష్టమండి."

"కొబ్బరిమొక్క కాపుకి ఏడేళ్ళు పడుతుంది కదండీ, దానికి ఆగుతున్నారు కదా."

"మొక్క కంటికి కనబడుద్ది కదండీ. పొద్దున్నే లేచి చూస్తే ఓ ఆకేసుద్ది. పైగా ఏడేళ్ళూ ఉత్తినే కూర్చుంటామా, మధ్యలో అరటేస్తాం, కంద వేస్తాం, దాంతో తింటాం. ఆ అమ్మాయి తోటలో మధ్యన ఏం వేసిందండి? అది చెప్పండి మీరు. కాపొచ్చేదాకా ఏం తింటది?"

ఆయన లేచి డబ్బు తీసుకుని, ఒకసారి మూడో కిటికీ వైపు చూసి, ఒక్క క్షణం ఆగారు కూడా, ఆగారనే నాకు అనిపించింది, తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఆయన మాట మాత్రం బల్ల మీద కూర్చుండిపోయింది. మధ్యలో అరటి లేదు. అంతేనేమో. టేకువాడికి లేదు, కానీ వాడు ఉందని చెప్పాడు. పెద్ద మందుల కంపెనీలకి పాత మందులు అమ్ముడవుతూ ఉంటాయి, కొత్తదాని మీద వాళ్ళు పదేళ్ళైనా ఆగగలరు. ఈ పిల్ల ఒక్క చెట్టు నాటింది, చుట్టూ నేల ఖాళీగా వదిలేసింది, ఆ ఖాళీ చూసి జనం భయపడ్డారు. అయితే నా చేతిదేం లేదా ఇందులో? నేను అమ్మకపోయినా వీళ్ళు ఇలాగే రాకుండా ఉండేవాళ్ళా? లేక పేపర్లో ఆ మూడు లేకపోతే బుల్లిరాజు గారు ఇందాక ఆగిన ఆ క్షణం ఇంకాస్త పొడుగయ్యేదా? తుఫాను రాకపోతే? ఒక్క రాత్రిలో కోనసీమలో అన్ని లక్షల చెట్లు పడిపోయాయి, నా గోదాముకి కాయ రాక మూడు నెలలైంది, అలాంటప్పుడు కట్టమంటే ఎవరు కడతారు? తుఫాను మీద తోసేస్తే నాకు హాయిగా ఉంటుంది. తుఫానుని పంపిన స్వామి మీద తోసేస్తే ఇంకా హాయి. కానీ తుఫాను కార్తీకం ముందు వచ్చింది, మూడు మాత్రం వేసవిలోనే వచ్చింది. స్వామీ, ఈ చెయ్యి నీదే అనుకున్నాను కదా, మంచి జరిగినప్పుడల్లా నీదన్నాను కదా, మరి ఇది ఎవరిది? అడగకూడదేమో. శివరాత్రి దగ్గరపడింది, గోపురానికి దీపాలు కడుతున్నారు, కిటికీలోంచి కనబడుతోంది, పైన ఎవరో మనిషి తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. పాల కోసం ఏడ్చిన బ్రాహ్మణపిల్లవాడికి ఈ ఊళ్ళోనే పాలసముద్రం తెచ్చి ఇచ్చాడంటారు ఆయన. ఆ పిల్లవాడు అడిగాడు, ఇచ్చాడు. ఈ పిల్ల అడగడానికి ఎవరి దగ్గరికి వెళ్ళింది, మా దగ్గరికి.

ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది. లోపల ఎవరో విసుగ్గా కాగితంతో విసురుకోవడం మొదలుపెట్టారు. నాకు మాత్రం వెంటనే ఆ ఫ్రీజరు గుర్తొచ్చింది, మిల్లు షెడ్డులో చీకట్లో అది కూడా గుర్రుమనడం మానేసి ఉంటుంది. జనరేటరు ఉండేది, డీజిలు కొనలేక అమ్మేసింది. తుఫానప్పుడు రోజుల తరబడి కరెంటు లేకపోతే, రొయ్యల ఐసు ఫ్యాక్టరీ నుంచి ఐసు తెప్పించి, ఊకా ఉప్పూ కలిపి ఆ ఫ్రీజరు చుట్టూ కూరి, గోనెపట్టాలు కప్పి కాపాడింది. ఊరంతా ఇళ్ళ మీద పడ్డ చెట్లు నరుక్కుంటుంటే ఆ పిల్ల చచ్చిన రొయ్యల్ని కాపాడుకుంటోందిరా అని నవ్వారు. నేనూ నవ్వానా? నవ్వలేదు, కానీ వెళ్ళి ఒక చెయ్యి కూడా వెయ్యలేదు. నా చెయ్యి మంచిదో కాదో అప్పటికే నాకు అనుమానం వచ్చేసింది. వీధిలో రిక్షా చప్పుడైంది. చూస్తే సూర్యకళే, రిక్షాలో ఐసుదిమ్మెల గోనె పెట్టించుకుని తను పక్కన నడుస్తోంది. గోనె కింద నుంచి నీళ్ళు కారి రోడ్డు మీద చార పడుతోంది. తలుపులోంచి నన్ను చూసి రిక్షా ఆపి మెట్ల దాకా వచ్చింది.

"భోజనానికి వెళ్ళలేదా బాబాయిగారూ?"

"వెళ్తానమ్మా. ఆకలి లేదు."

"ఎవరైనా వచ్చారా?" అంది, మూడో కిటికీ వైపు చూడకుండా.

"వస్తారమ్మా. ఇంకా టైముంది కదా, మనవాళ్ళ సంగతి తెలుసు కదా, ఆఖరి గంటలోనే కదులుతారు."

తలూపింది. మొహం మీద చెమటో, ఐసు తుంపరో. "ఐసు కరిగిపోతోందండి, వెళ్తాను" అంది. రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగి, "మీరు ఎండలో రాకండి, నాన్నని స్కూటరేసుకుని పంపిస్తాను" అంది. నేను అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాను. ఆ చెయ్యే. ఆ పిల్ల వెళ్ళిపోయింది, రోడ్డు మీద తడి చార కాసేపు మెరిసి, నేను చూస్తూండగానే ఆరిపోయింది. ఎండ అంత ఉంది మాఘంలోనే.

ఇంక లేవాలి. లేవాలి అనుకుంటూనే కూర్చున్నాను. పంచె మొలలో చిన్న పొట్లం ఉంది. ఆ బోణీ డబ్బు. బోణీ డబ్బు ఖర్చు పెట్టకూడదు, లక్ష్మీదేవి పటం వెనక పెడతాం, అలాగే ఎర్రగుడ్డలో కట్టి పెట్టాను, పైన పసుపు చల్లి. పొద్దుట దీపం పెట్టి వెళ్ళేటప్పుడు అది తీశాను. నాగరత్నం గుమ్మంలో నిలబడి చూసింది. దాంతోపాటు, మిగిలిన నా షేర్లకి కట్టాల్సింది కలిపి కట్టుకుని వచ్చాను. కడితే తిరిగి వచ్చే డబ్బు కాదని తెలుసు, నెలాఖరుకి తాళం పడే షెడ్డుకి కడుతున్నానని తెలుసు. అందుకే పొద్దుట నుంచీ కట్టకుండా కూర్చున్నాను. ముందు ఇంకెవరో కట్టాలి, నేను మొదట కట్టకూడదు, నా చెయ్యి మొదట పడకూడదు ఈసారి, అనుకున్నాను. పదిమంది కట్టాక పదకొండో వాడిగా, ఎవరూ చూడకుండా కట్టేసి వెళ్ళిపోదామనుకున్నాను. ఆ పదిమందీ రాలేదు. ముసలావిడ పింఛను పట్టుకుని వెళ్ళిపోయింది, గాజులవాళ్ళు వెళ్ళిపోయారు, బంట్రోతు బయట గ్రిల్లు సగం లాగి, మిగతా సగం నా కోసం ఆపి నిలబడ్డాడు.

లేచి మూడో కిటికీ దగ్గరికి వెళ్ళాను. చలానా రాశాను, కళ్ళజోడు లేక అంకెలు ఎగుడుదిగుడుగా పడ్డాయి. ఎర్రగుడ్డ విప్పి నోట్లు లోపలికి తోశాను. వీరబ్రహ్మం చీకట్లో కిటికీ వెలుతురుకేసి పెట్టి లెక్కపెట్టుకున్నాడు, వేళ్ళకి పసుపు అంటుకుంది, స్పాంజికి తుడుచుకున్నాడు. ముద్ర వేసి రసీదు ముక్క చింపి ఇస్తూ, ఏదో మంచి మాట చెప్తున్నట్టు నవ్వాడు.

"ఇవాళ ఈ ఖాతాకి బోణీ మీదేనండి, అప్పాజీ గారూ."

అతనిదీ కొట్టువాళ్ళ కుటుంబమే. అలవాటు చొప్పున నోట్లు రెండు కళ్ళకీ అద్దుకుని, సొరుగులో పెట్టి, గోడ గడియారం వంక చూసి, కిటికీకి చెక్కపలక అడ్డంగా పెట్టేశాడు.